కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు ఆధార్, పాన్, యూఏఎన్: ఏ నంబరు యజమానికి ఏం చెబుతుంది?

ఉద్యోగంలో చేరే రోజున హెచ్‌ఆర్ విభాగం వారు ఇచ్చే కాగితాల కట్టలో ఆధార్, పాన్, యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబరు) గడులు తప్పకుండా ఉంటాయి. ఈ అంకెలతో బ్యాంకు నిల్వ, పాత జీతం, మధ్యలో మానేసిన ఉద్యోగాలు అన్నీ బయటపడతాయేమోనని చాలామంది జంకుతారు. ఆ జంకు పోవాలంటే నంబరు, దాని జిరాక్సు, దానికి వచ్చే ఓటీపీ అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. ఒట్టి నంబరు చెప్పేది స్వల్పమే. మనమే తెరిచి చూపించేవాటితోనే అసలు వివరాలు బయటికి వెళ్తాయి.

ఆధార్‌లోని 12 అంకెలలో మీ ఊరు, వయసు, కులం వంటివేవీ ఇమిడి లేవు. చివరి అంకె మాత్రం మిగతా పదకొండింటిలో రాతతప్పు ఉందేమో పట్టుకోవడానికి పెట్టినది. ఆ నంబరును ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటులో సరిచూసినవారికి అది చెల్లుబాటులో ఉందో లేదో, వయసు ఏ పదేళ్ల మధ్యన ఉందో, ఆడో మగో, రాష్ట్రమేదో, మొబైల్ నంబరు చివరి మూడు అంకెలేమిటో కనిపిస్తాయి. జిరాక్సు ఇస్తే మాత్రం ఫొటో, చిరునామా, పూర్తి పుట్టిన తేదీ కూడా వెళ్లిపోతాయి. ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరుతో ఆధార్ ధ్రువీకరణ కోరేందుకు వీలిచ్చిన ఆధార్ చట్టం 57వ సెక్షను భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టివేసింది. అయితే పీఎఫ్ ఖాతాకు ఆధార్ అనుసంధానాన్ని 2021లో తప్పనిసరి చేశారు గనుక, పీఎఫ్ వర్తించే సంస్థ నంబరు అడగడం సబబే. కాబట్టి పీఎఫ్ ఫారంలో పూర్తి నంబరు రాయండి. గుర్తింపు కోసం అడిగే ప్రతికి, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను దించుకుని, దాని మీద తేదీ, సంస్థ పేరు, ఏ పని నిమిత్తమో రాసి ఇవ్వండి.

పాన్‌లో కొంత సమాచారం ఉంటుంది గాని, దానితో యజమానికి ఒరిగేది లేదు. నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి అని అర్థం. ఐదో అక్షరం సర్‌నేమ్ తొలి అక్షరం. మనవాళ్లలో కొందరు దరఖాస్తులో ఇంటిపేరు రాయాల్సిన చోట సొంత పేరు రాసి ఉంటారు గనుక దాన్నిబట్టి ఇంటిపేరు ఊహించడమూ కుదరదు. జీతం మీద పన్ను కోయడానికి పాన్ అవసరం. పన్ను పడే జీతానికి పాన్ ఇవ్వకపోతే కోత కనీసం 20 శాతం అవుతుంది. పాన్ తెలిసినంత మాత్రాన మీ రిటర్నులు యజమానికి కనిపించవు. కానీ అందరూ 26ఏఎస్ అని పిలిచే పత్రాన్ని మీరు దించి పంపితే, మీకు పన్ను కోసి చెల్లించిన ప్రతి సంస్థ పేరూ, డిపాజిట్ల వడ్డీ మీద కోత కోసిన బ్యాంకుతో సహా, అందులో ఉంటుంది. అదే ఆర్థిక సంవత్సరంలో వచ్చిన పాత జీతం లెక్క కోసమే అడిగితే పాత సంస్థ ఇచ్చిన టీడీఎస్ (జీతంలో కోసిన పన్ను) ధ్రువపత్రం, జీతం రసీదులు సరిపోతాయని మర్యాదగా చెప్పవచ్చు.

అసలు జాగ్రత్త యూఏఎన్ దగ్గర కావాలి. ఈ 12 అంకెల నంబరు కింద మీరు పనిచేసిన పీఎఫ్ సంస్థలన్నీ, చేరిన తేదీలతో, మానేసిన తేదీలతో వరుసగా నమోదై ఉంటాయి. నేపథ్య పరిశీలన చేసేవారు అభ్యర్థి చేతనే పీఎఫ్ సైటులో లాగిన్ చేయించి ఆ సర్వీసు చరిత్రను తెప్పించుకోవడం ఐటీ ఉద్యోగాలలో మామూలైంది. రెజ్యూమేలో రాయని నలభై రోజుల ఉద్యోగం, ఒకే కాలంలో రెండు సంస్థలలో ఉన్నట్టు చూపే తేదీలు అక్కడ దొరికిపోతాయి. నా మాట అడిగితే, చిన్న ఉద్యోగాన్ని దాచడం కంటే ఒక వాక్యంలో రాసి వదిలేయడమే నయం; దాన్ని కప్పిపుచ్చడానికి రెండో యూఏఎన్ తీసుకోవడం మరీ పొరపాటు, ఎందుకంటే ఒక ఆధార్‌కు ఒక్క యూఏఎన్ మాత్రమే ముడిపడుతుంది.

పీఎఫ్ పాస్‌బుక్ చూపిస్తే పాత జీతం కొంతవరకు తెలుస్తుంది. నెలకు మీ వాటా 3,600 రూపాయలు పడితే, 12 శాతం లెక్కన మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 30,000 అని ఎవరైనా చెప్పగలరు. 1,800 మాత్రమే పడితే అది పీఎఫ్ లెక్కకు పెట్టిన 15,000 జీతపు పరిమితి మీద కట్టినదై ఉండవచ్చు గనుక అసలు జీతం తేలదు. సర్వీసు చరిత్ర అడిగినవారికి అంతవరకే ఇవ్వండి, పాస్‌బుక్ జత చేయకండి, ఓటీపీని ఫోనులో చదివి వినిపించకండి.

చేరకముందే ఒకసారి పీఎఫ్ సైటులో లాగిన్ అయి పాత సంస్థ మీ నిష్క్రమణ తేదీ వేసిందో లేదో చూసుకోండి. వేయకపోతే మీరింకా అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. చివరి జమ తర్వాత రెండు నెలలు గడిస్తే ఆ తేదీని మీరే నమోదు చేసుకునే వీలుంది. పీఎఫ్ లేని చోట పనిచేసిన కాలం యూఏఎన్‌లో అసలు ఉండదు గనుక, రిలీవింగ్ లెటరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి. స్టేట్‌మెంటు ఇచ్చేటప్పుడు జీతం పడిన వరుసలు తప్ప మిగతావి కనబడకుండా చేయవచ్చా అని ముందే అడగండి.

చేరిన కొద్దిరోజులకు యూఐడీఏఐ వారి మైఆధార్ సైటులో ధ్రువీకరణ చరిత్ర తెరిస్తే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడు, ఏ సంస్థ ద్వారా సరిచూశారో కనిపిస్తుంది. మీరు ఓటీపీ ఇవ్వని తేదీ అందులో ఉంటే హెచ్‌ఆర్ వారిని రాతపూర్వకంగా వివరణ కోరండి.