మిడ్స్‌కి ముందు మూడుల్ పెడుతున్నారా? ఈ జాగ్రత్తలని పరీక్ష రోజు దాకా వాయిదా వేయకండి

మిడ్ పరీక్షలు ఇంకో మూడు వారాలు ఉన్నాయనగా హెచ్ఓడీ గారు పిలిచి "ఈసారి ఆబ్జెక్టివ్ పేపర్ ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం, మూడుల్ ఫ్రీయే కదా, మనకి సర్వర్ కూడా ఉంది కదా" అంటారు. ఫ్రీయే, నిజమే. మూడుల్ అంటే కోర్సులు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. 2002 ఆగస్టులో పెర్త్‌లో మార్టిన్ డూగియమాస్ మొదటి వెర్షన్ విడుదల చేసినప్పటి నుంచి ఇవాళ్టి దాకా దాని కోడ్ ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయడం కూడా ఒక పూట పనే. కానీ ఇన్‌స్టాల్ చేసిన రోజు దాన్ని వాడేది మీరొక్కరే, పరీక్ష రోజు తొమ్మిదింటికి మూడు ల్యాబుల పిల్లలు ఒకే నిమిషంలో లాగిన్ నొక్కుతారు. మీ దగ్గర చక్కగా తెరుచుకున్న సైట్ ఆ నిమిషాన్ని తట్టుకుంటుందో లేదో మీకింకా తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీ సర్వర్ చూసుకుంటూ నేను నేర్చుకున్నవే ఇవన్నీ, కొన్ని చాలా కష్టపడి నేర్చుకున్నవి.

ముందు వెర్షన్ సంగతి. కొత్తది వచ్చింది కదా అని కళ్లు మూసుకుని దింపకండి, మీ సర్వర్లో ఏముందో చూసుకోండి. మూడుల్ 4.5కి పీహెచ్‌పీ (మూడుల్ కోడ్ రాసిన భాష) 8.1 చాలు, 5.0కి మాత్రం 8.2 కావాలి, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే 8.4, మరియాడీబీ అయితే 10.11 ఉండాలి. ఉబుంటు (సర్వర్లో వాడే లినక్స్) 24.04తో మామూలుగా వచ్చే మైఎస్‌క్యూఎల్ 8.0 దగ్గరే ఆగిపోతుంది, కానీ అదే ఉబుంటులో మరియాడీబీ 10.11 దొరుకుతుంది, కాబట్టి 5.0 కావాలంటే దాన్ని పెట్టుకోవడం తేలిక. పరీక్షలే ముఖ్యమైతే నా ఓటు 4.5కే. అది దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్, 2027 అక్టోబర్ దాకా సెక్యూరిటీ సవరణలు వస్తాయి. 5.1కి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, అందులో ఫోల్డర్ల అమరిక మారింది, వెబ్ సర్వర్‌ని ఇప్పుడు "పబ్లిక్" అనే లోపలి ఫోల్డర్‌కి చూపించాలి. పాత వీడియో చూసుకుంటూ చేస్తే అక్కడే ఇరుక్కుపోతారు.

మూడుల్ డేటా ఫోల్డర్‌ని వెబ్ ఫోల్డర్ లోపల పెట్టకండి. పిల్లలు అప్‌లోడ్ చేసిన అసైన్‌మెంట్లు, లాగిన్ సెషన్లు, క్యాష్ (పేజీలు త్వరగా తెరవడానికి దాచుకునే కాపీలు) అన్నీ అందులోనే ఉంటాయి, బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎవరూ అక్కడికి చేరకూడదు. దాని యజమాని వెబ్ సర్వర్ యూజరే అయి ఉండాలి, ఉబుంటులో అయితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సైట్ కాస్త నెమ్మదించిందని రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా, లాగిన్ అయ్యి క్యాష్ ఖాళీ చేసే కమాండ్ నడుపుతారు. అది బాగానే నడుస్తుంది, కానీ కొత్తగా పుట్టిన ఫోల్డర్లు రూట్ పేరు మీద పడతాయి, కాసేపటికి వెబ్ సర్వర్‌కి వాటిలో రాసే హక్కు లేక సైట్ తెరవగానే ఎర్రర్ పేజీ వస్తుంది. మూడుల్ కమాండ్ ఏది నడిపినా సుడోతో ఆ వెబ్ యూజర్ పేరు మీదే నడపండి, క్రాన్ (వెనకాల పనులని టైమ్‌కి నడిపేది) కూడా.

ఇప్పుడు అసలు విషయం, తొమ్మిది గంటల నిమిషం. మొదటిసారి మేము ఆన్‌లైన్ మిడ్ పెట్టినప్పుడు ల్యాబ్‌లో నిలబడి చూస్తున్నాను. పిల్లలు లాగిన్ నొక్కారు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది, నిమిషం దాటాక ఒక్కొక్క స్క్రీన్ మీదా 504 (సర్వర్ సమయానికి జవాబివ్వలేదు) అని రావడం మొదలైంది. నాకు చేతులు చల్లబడిపోయాయి. సర్వర్‌లో టాప్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ ఖాళీగా ఉంది, ర్యామ్ సగం కూడా నిండలేదు. మరి ఎందుకు ఆగింది? పీహెచ్‌పీ ప్రాసెస్‌లని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం లాగ్ తెరిస్తే "మ్యాక్స్ చిల్డ్రన్ 5కి చేరుకుంది, పెంచే ఆలోచన చేయండి" అన్న అర్థంతో ఒకే ఒక్క లైను కనిపించింది. ఉబుంటులో ఆ సెట్టింగ్ మామూలుగా 5 ఉంటుంది. అంటే ఒక సమయంలో ఐదుగురి పనే జరుగుతుంది, ఆరోవాడి నుంచి అందరూ క్యూలో. ఒక కౌంటరే తెరిచి ఉన్న రిజర్వేషన్ ఆఫీసులా, హాలు ఎంత పెద్దదైతే ఏం లాభం.

ఆ అంకెని ఎంతకి పెంచాలో లెక్క వేసుకుని పెంచండి, ఊరికే 500 అని కొట్టేయకండి. సైట్ నడుస్తున్నప్పుడు ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ ఎంత మెమరీ తింటోందో చూడండి, మా దగ్గర సుమారు 80 ఎంబీ ఉండేది. 8 జీబీ ర్యామ్‌లో డేటాబేస్‌కి 2 జీబీ, సిస్టమ్‌కి 1 జీబీ వదిలేస్తే మిగిలేది 5 జీబీ, అంటే అరవై ప్రాసెస్‌ల దాకా భరిస్తుంది. అంతకన్నా పెంచితే ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే నెమ్మదైన డిస్క్ మీదికి, పోతుంది, అప్పుడు 504 కన్నా ఘోరంగా ఉంటుంది. డేటాబేస్ వైపు కూడా చూడాలి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 151 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది, బఫర్ పూల్ (డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 128 ఎంబీయే ఇస్తుంది. రెండో అంకెని కనీసం ఒకటి, రెండు జీబీలకి తీసుకెళ్లకపోతే ప్రతి ప్రశ్నకీ డిస్క్ దగ్గరికి పరిగెడుతుంది. సెషన్లని, క్యాష్‌ని ర్యామ్‌లో నడిచే రెడిస్ అనే స్టోర్‌లోకి మారిస్తే ఇంకా తేలిక పడుతుంది, ఆ పని మాత్రం పరీక్ష ముందు రోజు రాత్రి కాకుండా కనీసం రెండు వారాల ముందే చేయండి.

తర్వాత నిజంగా పరీక్షించి చూడండి. మూడుల్ అడ్మిన్ పేజీల్లో డెవలప్‌మెంట్ కింద టెస్ట్ కోర్సు తయారు చేసేది, లోడ్ పరీక్షించే జేమీటర్ అనే టూల్‌కి ప్లాన్ తయారు చేసేది ఉన్నాయి, వాటితో లోడ్ పెట్టి చూడొచ్చు. అది రాకపోయినా పర్లేదు, ఒక ల్యాబ్ పిల్లలని కూర్చోబెట్టి, పది బిట్ల డమ్మీ క్విజ్ పెట్టి, "ఒకటి, రెండు, మూడు" అని అందరిచేతా ఒకేసారి స్టార్ట్ నొక్కించండి. ఇంత చవకైన, ఇంత నిజాయితీ గల పరీక్ష మరొకటి లేదు. అసలు పరీక్షలో కూడా సెక్షన్లని పది నిమిషాల తేడాతో మొదలుపెడితే సర్వర్‌కి ఊపిరి ఆడుతుంది.

ఈ డమ్మీ క్విజ్ మాకు ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నీ బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో వెళ్తాయి. ముగ్గురు నలుగురు పిల్లలు కంగారులో పాస్‌వర్డ్ తప్పు కొట్టేసరికి, భద్రత కోసం పెట్టుకున్న ఫెయిల్‌టుబ్యాన్ ఆ ఐపీని ఆపేసింది, ల్యాబ్ ల్యాబంతా బయట ఉండిపోయింది. వెబ్ సర్వర్ ఎంజిన్ఎక్స్‌లో ఐపీకి ఇన్ని రిక్వెస్టులే అని హద్దు పెట్టినా ఇదే జరుగుతుంది. కాలేజీ ఐపీని ముందే మినహాయింపు జాబితాలో పెట్టేయండి.

టైమ్‌జోన్. క్లౌడ్ సర్వర్లు చాలావరకు అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటాయి. మూడుల్‌లో టైమ్‌జోన్ మార్చకుండా మేడం గారు క్విజ్ తొమ్మిదింటికి తెరుచుకునేలా పెడితే అది మన మధ్యాహ్నం రెండున్నరకి తెరుచుకుంటుంది. లొకేషన్ సెట్టింగ్స్‌లో ఆసియా/కోల్‌కతా పెట్టి, అందరికీ అదే తప్పనిసరి చేయండి. రెండు నిమిషాల పని.

క్రాన్ నిమిషానికోసారి నడుస్తోందో లేదో చూడండి. మెయిళ్ల కోసమేలే అని వదిలేస్తారు, కానీ కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయిన పిల్లాడి క్విజ్‌ని టైమ్ అయ్యాక దానంతటదే సబ్మిట్ చేయించేది ఆ క్రానే. అది నడవకపోతే వాళ్ల జవాబులు "జరుగుతోంది" అనే స్థితిలోనే వేలాడుతుంటాయి. జవాబులు మాత్రం మామూలుగా నిమిషానికోసారి వాటంతటవే సేవ్ అవుతాయి, కాబట్టి కరెంటు పోతే పిల్లలు ఏడవాల్సిన పని లేదని ముందే చెప్పండి. మళ్లీ లాగిన్ అయితే ఆగిన చోటి నుంచే వస్తుంది. గడియారం మాత్రం ఆగదు, పోయిన పది నిమిషాలని టీచరే ఆ విద్యార్థికి ఓవర్‌రైడ్ (ఒక్కరికే టైమ్ మార్చే సెట్టింగ్) పెట్టి ఇవ్వాలి. ఆ ఓవర్‌రైడ్ ఎక్కడ ఉంటుందో ఇన్విజిలేటర్లకి ఒకసారి చేసి చూపించండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

తెలుగు విషయంలో రెండు మాటలు. డేటాబేస్‌ని యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సెట్‌లోనే తయారు చేయండి, లేకపోతే తెలుగు అక్షరాలు నిలిచినా పిల్లాడు జవాబులో ఒక ఎమోజీ పెట్టగానే "డేటాబేస్‌లో రాయలేకపోయాం" అని వస్తుంది. పేర్ల జాబితాని ఎక్సెల్ నుంచి తీసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకాన్నే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ తీస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఇంకోటి, తెలుగు మాస్టారు ప్రశ్నలు అను ఫాంట్లలో టైప్ చేసి ఇస్తే నేరుగా పేస్ట్ చేయకండి. అవి యూనికోడ్ కావు, స్క్రీన్ మీద గజిబిజి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మాస్టారి చేతే ఒకసారి చదివించి, అప్పుడు ఎక్కించండి. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారయ్యేవి ఉంటాయి, అవి ఆయన కంటికే దొరుకుతాయి.

బ్యాకప్ లేకుండా అప్‌గ్రేడ్ జోలికి పోవద్దు. బ్యాకప్ అంటే మూడు ముక్కలు, డేటాబేస్, మూడుల్ డేటా, కోడ్. మొదటి రెండూ ఒకే సమయానివి కావాలి, ఎందుకో చెప్తాను. మూడుల్ డేటాలో ఫైల్‌డిర్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి, "రికార్డు.పీడీఎఫ్" లాంటి పేరు ఒక్కటీ కనిపించదు, అన్నీ ఫైల్లో ఉన్నదాన్ని బట్టి పుట్టే నలభై అక్షరాల హాష్ పేర్లే, మొదటి రెండు అక్షరాలతో ఒక ఫోల్డర్, తర్వాతి రెంటితో దాని లోపల ఇంకోటి. ఏ హాష్ ఎవరి ఫైలో డేటాబేస్‌కే తెలుసు. డేటాబేస్ పోయి ఇది మిగిలితే మీ దగ్గర ఉన్నది పేర్లు లేని కాగితాల గుట్ట. కాబట్టి మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి రెంటినీ కలిపి తీయండి, తీసింది ఇంకో మెషీన్ మీద తెరిచి చూడండి.

అలా ఇంకో మెషీన్ మీద తెరిచేటప్పుడు ఇంకో జాగ్రత్త. కాపీ సైట్‌లో క్రాన్ లేచిందంటే అది అసలు పిల్లలకే మెయిళ్లు పంపుతుంది. ఒకసారి నా వల్ల అర్ధరాత్రి మా పిల్లలకి పాత ఫోరం మెయిళ్లు వెళ్లాయి, పొద్దున్నే కొందరి తల్లిదండ్రులు ఫోన్ చేసి "పరీక్ష మారిందా అండీ" అని అడిగారు. వాళ్ల గొంతులో కంగారు విన్నాక, ఏ కాపీ తెరిచినా కాన్ఫిగ్ ఫైల్లో నోఈమెయిల్ఎవర్ అనే లైను పెట్టకుండా డేటాబేస్ ముట్టుకోవడం మానేశాను. మీరూ అదే ముందు పెట్టండి.

పరీక్షకి వారం ముందు నుంచి అప్‌డేట్లు, ప్లగిన్లు, థీమ్ మార్పులు ఏవీ వద్దు. ఎవరు అడిగినా వద్దనే చెప్పండి, హెచ్ఓడీ గారైనా సరే, మర్యాదగా. సైట్ హెచ్‌టీటీపీఎస్ కోసం తీసుకున్న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు పరీక్షల మధ్యలో పడుతోందేమో చూడండి. డిస్క్ ఎంత ఖాళీ ఉందో చూడండి, ఆటోమేటిక్ కోర్సు బ్యాకప్‌లు చడీచప్పుడు లేకుండా నింపేస్తాయి, డిస్క్ నిండితే డేటాబేస్ ఆగిపోతుంది.

పరీక్ష పొద్దున ఎనిమిదింటికే వెళ్లి, ఒక విద్యార్థి అకౌంట్‌తో ల్యాబ్ సిస్టమ్ నుంచే లాగిన్ అయ్యి చూడండి, మీ టేబుల్ మీది కంప్యూటర్ నుంచి కాదు. ప్రశ్నపత్రం జిరాక్సులు సెక్షన్‌కి సరిపడా ఆఫీసులో కవర్‌లో సీల్ చేసి ఉంచమనండి. తొమ్మిదీ పదిహేను దాకా సైట్ తేరుకోకపోతే కాగితం మీద రాయిద్దాం అని ముందే హెచ్ఓడీ గారితో మాట అనుకుని ఉంటే, అప్పుడు పిల్లలు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు. పరీక్ష అయిన గంటలో మార్కులని ఎక్స్‌పోర్ట్ చేసి, డేటాబేస్ డంప్ ఒకటి తీసి, సర్వర్ మీద కాకుండా వేరే చోట దాచండి.