ఊపిరితిత్తుల గడ్డకు ఎస్‌బీఆర్‌టీ: గురి తప్పకుండా ఇవ్వడం ఎలా?

సాధారణ రేడియేషన్‌లో రోజుకు సుమారు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) చొప్పున వారాల తరబడి చికిత్స సాగుతుంది. ఊపిరితిత్తి అంచున ఉన్న చిన్న క్యాన్సర్ గడ్డకు, కొద్ది విడతల్లోనే భారీ మోతాదును గురిపెట్టి ఇచ్చే ఎస్‌బీఆర్‌టీలో 18 గ్రేల చొప్పున మూడు విడతలు ఇచ్చే పద్ధతి ఉంది కనుక, ఒక్క విడతలో జరిగిన పొరపాటును తరువాత సరిదిద్దుకునే వీలు దాదాపు ఉండదు. గడ్డ ప్రధాన శ్వాసనాళాలకు దగ్గరగా ఉంటే ఈ మోతాదును వాడరాదు. విడతల సంఖ్య పెంచి, ఒక్కో విడత మోతాదు తగ్గించాలి.

రోగిని వాక్యూమ్ పరుపుపై చేతులు తలపైకి ఉంచి కదలకుండా పడుకోబెట్టి, 3 మిల్లీమీటర్లకు మించని పొరల మందంతో, శ్వాసతో వచ్చే కదలికను కూడా చూపే ఫోర్‌డీ సీటీ తీయాలి. శ్వాసతో గడ్డ తిరిగే పరిధినంతటినీ గుర్తించి, దాని చుట్టూ సాధారణంగా 5 మిల్లీమీటర్ల అంచు కలపాలి. మోతాదు లెక్కకు కిరణాన్ని సన్నని గీతలుగా విడగొట్టి లెక్కించే పాత పెన్సిల్ బీమ్ పద్ధతి పనికిరాదు. గాలి నిండిన కణజాలంలో అది గడ్డకు చేరే మోతాదును ఎక్కువగా చూపుతుంది.

చికిత్స రోజున ముందుగా విన్‌స్టన్-లుట్జ్ పరీక్ష చేసి, కిరణాలు కలిసే యంత్రపు కేంద్రంలో తేడా 1 మిల్లీమీటరు లోపే ఉందని నిర్ధారించుకోవాలి. చికిత్స బల్లపైనే తీసే కోన్‌బీమ్ సీటీలో వెన్నెముకను ముందు తీసిన సీటీతో సరిపోల్చి తృప్తిపడటం తరచూ కనిపించే తప్పు. ఎముక కుదిరినా గడ్డ పక్కకు జరిగి ఉండవచ్చు గనుక, చివరి సర్దుబాటు గడ్డను చూసే చేయాలి. మధ్యలో రోగి దగ్గినా, కదిలినా బీమ్ ఆపి మళ్లీ చిత్రం తీయాలి. డాక్టరు, ఫిజిసిస్టు చిత్రాన్ని ఆమోదించేవరకు బీమ్ మొదలుపెట్టకూడదు. రెండు విడతల మధ్య కనీసం 40 గంటల విరామం ఉండేలా తేదీలు ముందే నిర్ణయించాలి.