సల్మియాక్కి రుచికి అలవాటు పడే పద్ధతి

ఫిన్లాండ్‌లో సల్మియాక్కి అనీ, స్వీడన్‌లో సాల్ట్‌లక్రిత్స్ అనీ పిలిచే నల్లని మిఠాయిని తొలిసారి నోట్లో వేసుకున్నవారిలో చాలామంది వెంటనే ఉమ్మేస్తారు. ఇందులో తప్పు నాలుకది కాదు, పేరుది. ఇంగ్లీషులో దీన్ని ఉప్పు లికోరైస్ (లికోరైస్ అంటే అతిమధురం) అంటారు, ఆ పేరు వినగానే వంటింటి ఉప్పును ఊహించుకుంటాం. అతిమధురం వేరు సారానికి ఇక్కడ తోడయ్యేది ప్రధానంగా అమ్మోనియం క్లోరైడ్, అంటే నవాసారం. నాలుకపై పులుపును పసిగట్టే ఓటాప్1 అనే ప్రోటీన్ నవాసారానికి కూడా స్పందిస్తుందని 2023లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కాబట్టి ఉప్పదనం, పులుపు, చేదు, ముక్కుకెక్కే ఘాటు ఒకేసారి వస్తాయని ముందే సిద్ధపడి మొదలుపెట్టాలి.

మొదట డెన్మార్క్‌లో దొరికే చాక్లెట్ పూత లికోరైస్‌తో ఆరంభించడం మంచిది, ఎందుకంటే కొవ్వు, తీపి కలిసి ఘాటును కొంత అణచివేస్తాయి. ఆ తరువాత మెత్తని, తక్కువ ఉప్పున్న రకానికి, అక్కడి నుంచి డైమండ్ ఆకారపు సల్మియాక్కి బిళ్లలకు వెళ్లవచ్చు. ఫిన్నిష్ భాషలో ఆ ఆకారాన్నే సల్మియాక్కి అంటారు. స్వీడన్‌లో అమ్మే కోతి బొమ్మల యుంగెల్‌వ్రోల్‌ను చివరికి ఉంచుకోవాలి. దాని పైపొడి తొలి క్షణాల్లోనే దాడి చేస్తుంది, కొత్తవారికి దానిని నవ్వుతూ అందించే స్నేహితులను నమ్మకండి.

తినే తీరే అసలు కీలకం. బిళ్లను కొరకకుండా నాలుక మీద నిలిపి, ముక్కుతో మెల్లగా ఊపిరి వదులుతూ పైపొడి కరిగే వరకు ఓపిక పట్టాలి. ఘాటు తగ్గాక అతిమధురపు తీపి నెమ్మదిగా పైకి వస్తుంది, ఆ మలుపు కోసమే నార్డిక్ దేశాల వారు దీన్ని ఇష్టపడతారని నా అభిప్రాయం. టిర్కిస్క్ పేబర్ వంటి గట్టి బిళ్లల్లో పొడి లోపల ఉంటుంది కనుక అక్కడ క్రమం తారుమారవుతుంది.

రోజుకు ఒకటి రెండు బిళ్లలు చాలు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ అనే తీపి పదార్థం శరీరంలో పొటాషియంను తగ్గించి రక్తపోటును పెంచగలదు. గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య నిపుణుల సంఘం 2003లో సూచించింది. రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఈ ప్రయత్నాన్ని మానుకోవడమే మేలు.