స్కోప్‌కి నొక్కు పడకుండా రింగులు బిగించాలంటే

స్కోప్ అంటే గన్ మీద పెట్టే గురి దుర్భిణి, రింగులు దాన్ని గన్‌కి పట్టి ఉంచే బిగింపులు. ముందు గన్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. తర్వాత స్కోప్ ట్యూబు వ్యాసం. ఒక అంగుళం అంటే 25.4 మి.మీ., దానికి 30 మి.మీ. రింగు పట్టదు. మధ్యలో టేపు చుట్టి సర్దేద్దాం అనుకోకండి, రింగులే మార్చండి. రింగుల ఎత్తు విషయంలో, స్కోప్ ముందువైపు గ్లాసు బ్యారెల్‌కి తగలకుండా, బోల్టు పిడి కంటిగ్లాసుకి తగలకుండా ఉంటే చాలు. అంతకన్నా ఎత్తయితే చెంప స్టాకు (గన్ వెనక భాగం) మీద ఆనదు.

అసలు నష్టమంతా స్క్రూల దగ్గరే జరుగుతుంది. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకి వెళ్తే రింగు వంకరగా నొక్కుతుంది, స్కోప్ కూడా పక్కకి తిరుగుతుంది. అన్నీ వదులుగా పెట్టి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా తిప్పండి. రెండువైపులా సందు సమానంగా ఉండాలి. చాలా రింగులకి 15 నుంచి 18 అంగుళాల-పౌండ్ల టార్క్ (తిప్పే బలం) సరిపోతుంది. స్కోప్ కంపెనీ అంతకన్నా తక్కువ చెబితే దాని మాటే వినండి. "చేతి అంచనా" నమ్మొద్దు, ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచి కొనండి. స్క్రూలకి నూనె ఉంటే తుడిచేయండి, లేకపోతే అదే టార్క్‌లో ఎక్కువ బిగుస్తాయి.

గన్ మీది బేసులోకి తిప్పి కూర్చోబెట్టే రకం ముందువైపు రింగుని స్కోప్‌తో తిప్పకండి, ట్యూబు వంగుతుంది. ట్యూబంత మందమున్న కడ్డీ వాడండి.