పిల్లలకి గోధుమ పడట్లేదని అనుమానంగా ఉందా? ముందు ఇవి చూడండి

మా వాడికి పది నెలలప్పుడు మొదటిసారి బొంబాయి రవ్వ (ఇదీ గోధుమదే) ఉప్మా పెట్టాను. నాలుగో ముద్దకే మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి, పావుగంటలో కళ్ళు ఉబ్బి వాంతి చేసుకున్నాడు. ఇంట్లో అందరూ వేడి చేసిందన్నారు. మీకూ ఇలాగే జరిగితే వెంటనే ఫోన్‌లో ఫోటో తీసి, ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకి మొదలైంది అన్నీ రాసిపెట్టుకోండి, ఎందుకంటే డాక్టర్ దగ్గరికి చేరేసరికి దద్దుర్లు మాయమైపోతాయి.

గోధుమ అలర్జీ మామూలుగా తిన్న 2 గంటల లోపే బయటపడుతుంది. నెలల తరబడి విరేచనాలు, పొట్ట ఉబ్బరం, బరువు పెరగకపోవడం ఉంటే అది సీలియాక్ అనే వేరే జబ్బు (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినడం) కావచ్చు, దానికి రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు, మానేస్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు. కానీ దద్దుర్లో ఆయాసమో వచ్చిన పిల్లలకి ఇంట్లో మళ్ళీ పెట్టి చూడొద్దు.

అలర్జీకి చర్మం మీద ప్రిక్ టెస్ట్ (చుక్క వేసి సూదితో చిన్నగా గుచ్చి చూడడం), రక్తంలో ఐజీఈ (అలర్జీలో పనిచేసే యాంటీబాడీ) పరీక్ష చేస్తారు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తేలకపోతే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఐజీజీ అనే వేరే యాంటీబాడీని చూసే రక్తపరీక్షల ప్యాకేజీలకి మాత్రం డబ్బు పెట్టకండి, అవి అలర్జీని చెప్పలేవు.

ఇక వంటిల్లు. చపాతీ, మైదా, సేమ్యా, బిస్కెట్లు మానేశాక కూడా పులిహోర తిన్న రోజు మా వాడు మూతి గోక్కునేవాడు. చివరికి ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులో గోధుమ పిండి! సోయా సాస్, హార్లిక్స్ లాంటి పొడులు కూడా చూసుకోండి. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు, పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మరలో గోధుమలు ఆడిన వెంటనే మీ రాగులు, జొన్నలు ఆడించొద్దు. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె, రాగిజావ ఉండగా పిల్లాడి కడుపుకి లోటేం ఉండదు. చాలామందికి పెద్దయ్యేకొద్దీ ఇది తగ్గిపోతుంది, అందుకే డాక్టర్ చెప్పినప్పుడల్లా మళ్ళీ పరీక్ష చేయించండి.

ఆయాసం, గొంతు మారడం, సొమ్మసిల్లడం కనిపిస్తే అలర్జీ సిరప్ పోసి కూర్చోకండి, అప్పుడు కావాల్సింది తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్. అది ఇంట్లో ఉంచుకోవాలా, డోసు ఎంత అన్నది ముందే డాక్టర్‌తో రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, పిల్లాడిని నడిపించకుండా పడుకోబెట్టండి, ఊపిరి ఆడకపోతే మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.