కుట్టు లైనులో పని ఆగితే ఎక్కడ వెతకాలి?

అనంతపురం జిల్లా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లలో కొత్తగా సూపర్‌వైజర్లయిన వారికోసం ఇది రాస్తున్నాను. లైనులో ఏ ఇబ్బంది వచ్చినా ముందు మనిషినే తప్పుపడతాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. తప్పు చాలాసార్లు పని నడిచే తీరులోనే ఉంటుంది.

సమస్య: ప్యాంటుకు నడుము బెల్టు కుట్టే మిషను దగ్గర బండిళ్లు (కుట్టాల్సిన ముక్కల కట్టలు) పేరుకుపోతున్నాయి. "ఆ అక్క చెయ్యి నెమ్మది" అని లైనంతా అంటోంది.

కారణం: పక్కన నిలబడి చూడందే తెలియదు. "అక్కా, మీ వేగం కొలవడానికి కాదు, బండిల్ ఎలా వస్తోందో చూడటానికి వచ్చాను" అని ముందే చెప్పండి. పది పీసులకు ఎంతసేపు పడుతోందో ఫోనులో చూసుకోండి. టొయోటా కార్ల కంపెనీలో తైచీ ఓనో అనే ఇంజినీరు నేర్పినట్టు, ఎందుకు అని వరుసగా ఐదుసార్లు అడగండి. మా లైనులో జవాబులు ఇలా వచ్చాయి. ఆలస్యమెందుకు? కుట్టే ముందు పక్క కుట్టు విప్పి సరిచేస్తోంది. అదెందుకు? ముందు ముక్క, వెనుక ముక్క సమానంగా లేవు. ఎందుకు? కటింగులో గుడ్డ కింది పొరలు జరిగాయి. ఎందుకు? బ్లేడు మొద్దుబారింది. ఎందుకు? బ్లేడు చూసే పని ఎవరికీ అప్పగించలేదు. ఆ పని అప్పగించాల్సింది నేనే. ఆమె మాత్రం నెల రోజులుగా మాటలు పడుతోంది.

పరిష్కారం: బ్లేడు చూసే మనిషి పేరు, సమయం కటింగ్ టేబుల్ దగ్గర రాసి పెట్టండి. ఆ అక్కకు క్షమాపణ అందరి ముందే చెప్పండి, ఎందుకంటే మాటలు పడింది కూడా అందరి ముందే.

సమస్య: ఉదయం మీటింగులో ఎవరూ నోరు విప్పరు.

కారణం: ఎప్పుడో ఒకరు చెబితే తిట్లు పడ్డాయి. నోరు విప్పితే నష్టం లేదన్న నమ్మకమున్న బృందాలే ఎక్కువగా నేర్చుకుంటాయని హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. మన పనిలో దీన్ని సూది దగ్గరే చూడొచ్చు. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, రిజిస్టరులో అతికించి, కొత్త సూది తీసుకోవాలి. కోప్పడే సూపర్‌వైజర్ ఉన్నచోట ఆ ముక్క రిజిస్టరుకు రాదు, ప్యాంటు మడతలోనే ఉండిపోతుంది. అది ఎవరి ఒంటికి గుచ్చుకుంటుందో!

పరిష్కారం: సూది విరిగిందని చెప్పిన వారికి మొదట "మంచి పని చేశారు" అనండి, తర్వాత ముక్కలు కలిసి వెతకండి. "సమస్యలున్నాయా?" అంటే లేవనే అంటారు. "నిన్న ఏ మిషను ఎక్కువ సతాయించింది?" అని అడిగితే చెబుతారు.

దారాలు కత్తిరించే పని నాది కాదంటే నాది కాదని ఇద్దరూ గొడవపడుతుంటే పంచాయితీ అక్కర్లేదు. ఏ పని ఎవరిదో బోర్డు మీద రాస్తే చాలు.

సోమవారం సెలవులు పెరిగితే కోప్పడే ముందు గత వారం హాజరు పుస్తకం తెరవండి. ఆదివారం కూడా పని చేయించి ఉంటే, వాళ్లు తీసుకుంటున్నది మీరు ఎగ్గొట్టిన విశ్రాంతే. వారపు సెలవు ముందే ఖాయం చేసి, ఆ రోజు ఎవరికీ ఫోను చేయకండి.