నాలుగు కాళ్ల మీద బరువు: కంచులో జంతువును పోత పోయడం ఎలా

జంతువు బొమ్మ చేయాలని మైనం పట్టుకున్నవారు చాలామంది తలతో మొదలుపెడతారు. కళ్లు, చెవులు, కొమ్ములు ముచ్చటగా దిద్దుతారు. చివర్లో పొట్ట కింద నాలుగు పుల్లలు గుచ్చినట్టు కాళ్లు అతికిస్తారు. అలాంటి బొమ్మను ఎంత నునుపు చేసినా దానికి ప్రాణం రాదు. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవారికి మొదటి రోజే ఒక మాట చెబుతాను: ఆ జంతువు తన బరువును ఏ కాళ్ల మీద వేసిందో చెప్పగలిగాకే మైనం ముట్టుకోండి. కంచు తన వైపు నుంచి ఏమీ చేర్చదు. మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కంచు పోస్తాం కాబట్టి మైనంలో ఉన్నదే అందులోకి దిగుతుంది.

అందుకని ముందు పశువుల సంతకో, పాలవాళ్ల కొట్టం దగ్గరికో వెళ్లి కూర్చోండి. తలను చూడకండి. భుజాన్ని, తుంటిని, గిట్టలను చూడండి. ఊరికే నిలబడిన ఎద్దు తన బరువులో సగానికి మించి ముందుకాళ్ల మీదే మోస్తుంది. మెడ, తల, మూపురం అన్నీ అటువైపే కదా. ముందుకాళ్లు స్తంభాల్లా నిటారుగా ఉండటం, వెనుక కాళ్లు వంపు తిరిగి ఉండటం అందుకే. ఆ వంపు దగ్గరే అందరి చేయీ తప్పుతుంది. వెనుక కాలిలో వెనక్కి మడిచినట్టు కనిపించే కీలును మోకాలు అనుకుంటారు. నిజానికి అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు ఆనుకొని, చర్మం మడతలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ బొమ్మ వెనుక భాగం సగం దారికి వచ్చినట్టే.

నడుస్తున్న ఎద్దును చేయాలనుకుంటే అడుగుల వరస చూసుకోండి. ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు, ఇదీ క్రమం. వెనుక గిట్ట వచ్చి ముందు గిట్ట లేచిన చోటుకు దగ్గరగా పడుతుంది. ఈ క్రమం తప్పిన ఎద్దును చూసి రైతు వెంటనే పెదవి విరుస్తాడు. ఎక్కడ తప్పిందో ఆయన చెప్పలేకపోవచ్చు, కానీ ఆయన కన్ను మోసపోదు. నా బొమ్మలకు నేను గౌరవించే తీర్పు అదే.

ఇంటి పశువుకూ అడవి జంతువుకూ ఉన్న తేడా కూడా బరువులోనే కనిపిస్తుంది. ఒంగోలు గిత్తను, పాపికొండల అడవుల్లో తిరిగే అడవిదున్నను పక్కపక్కన పెట్టి ఆలోచించండి. రెండింటికీ వీపు మీద ఎత్తు ఉంటుంది. గిత్త మూపురం కండతో, కొవ్వుతో ఏర్పడింది. ముట్టుకుంటే కదులుతుంది, బాగా బలిసిన గిత్తలో ఒక పక్కకు కాస్త ఒరుగుతుంది కూడా. కాబట్టి మైనంలో దాన్ని విడిగా చేసి, మెడ మీద కూర్చోబెట్టి, అంచులను బొటనవేలితో నొక్కి కలపాలి. అడవిదున్న వీపు మీది గట్టును ఎత్తి పట్టేవి వెన్నుపూసల నుంచి పైకి లేచిన పొడవాటి ఎముకలు. అది భుజాల దగ్గర మొదలై వీపు మధ్య దాకా వచ్చి మెట్టు దిగినట్టు ఆగిపోతుంది. దాన్ని విడిగా అతికిస్తే మూపురంలా కనిపిస్తుంది. వెన్నులోంచే పైకి లాగాలి. గిత్తకు గంగడోలు గడ్డం కింద మొదలై ముందుకాళ్ల మధ్య దాకా మడతలు మడతలుగా వేలాడుతుంది. ఆ మడతలను గీతలుగా గీయకండి. పలచని మైనపు రేకును వేడినీటిలో మెత్తబరచి వేలాడదీయండి, తన బరువుకు తానే మడతలు పడుతుంది.

కృష్ణజింక మీద చాలామందికి మనసు పోతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, పైగా మెలికలు తిరిగిన ఆ కొమ్ములు! మొదటి బొమ్మకు మాత్రం దాన్ని ఎంచుకోవద్దు. జానెడు బొమ్మలో దాని కాళ్లు పెన్సిల్ కన్నా సన్నగా వస్తాయి. లోహం అంత సన్నని దారిలో చివరిదాకా చేరకముందే గడ్డకడుతుంది. తప్పదు అనుకుంటే పడుకున్న జింకను చేయండి. గుడుల్లో నంది కాళ్లు ముడుచుకొని కూర్చున్నట్టు, శరీరం అంతా ఒకే ముద్దగా ఉన్న భంగిమ పోతకు ఎప్పుడూ అనుకూలం. నిలబడిన జంతువు అయితే కింద పీఠం పెట్టండి. మట్టి పూసేటప్పుడు మైనపు కాళ్లు వంగకుండా పీఠమే పట్టి ఉంచుతుంది. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున ఉన్న దైమాబాద్‌లో 1974లో బయటపడిన ఏనుగు, దున్న బొమ్మలు పీఠాల మీదే నిలబడి ఉంటాయి. వేల ఏళ్ల నాటి ఆ పనివారి బొమ్మల ఫొటోలు దొరికితే కాళ్ల దగ్గర కాసేపు ఆగి చూడండి.

ఇక పని. జానెడు పొడవు గిత్త అనుకుందాం.

పొట్ట లోపల మట్టి ఉండాలి. అంతా లోహమే అయితే పైపొర ముందు గట్టిపడి, లోపలిది తర్వాత కుంచించుకుపోయి, పొట్ట మీద గుంట పడుతుంది. జల్లించిన పుట్టమన్ను, సన్నని ఇసుక, ఊక, కాస్త పేడ కలిపి పిసికి, గిత్త శరీరం కన్నా అన్ని వైపులా అర సెంటీమీటరు తక్కువగా ముద్ద చేసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. కాళ్లు, కొమ్ములు, తోక ఘనంగానే ఉండొచ్చు. ఆరిన ముద్దను తూచి కాగితం మీద రాసుకోండి, ఆ అంకె తర్వాత కావాలి.

మైనం అంటే తేనెమైనమే. అందులో దాదాపు సమంగా గుగ్గిలం పొడి, కొద్దిగా వేరుశనగ నూనె వేసి, సన్నని మంట మీద కరిగించి, గుడ్డలో వడకట్టండి. గుగ్గిలం గట్టితనం ఇస్తుంది, నూనె మెత్తదనం ఇస్తుంది. మే నెలలో గుగ్గిలం పెంచండి, డిసెంబరులో తగ్గించండి. ఈ మైనాన్ని రేకులుగా చేసి మట్టిముద్ద మీద కప్పాలి. ఆదిలాబాద్ డోక్రా (మైనపు బొమ్మ నుంచి లోహపు బొమ్మ పోసే సంప్రదాయ కళ) పనివారి దారి వేరు. జైనూరు మండలం ఉషేగాం లాంటి ఊళ్లలోని ఓజ కుటుంబాలవారు మైనాన్ని దారాలుగా తీసి, మట్టి మీద పక్కపక్కన చుట్టుకుంటూ పోతారు. పోత పోశాక ఆ దారాల వరసలు అలాగే లోహంలో నిలిచిపోతాయి. ఏనుగు చర్మం, నెమలి ఈకలు ఆ పద్ధతిలో వచ్చినంత అందంగా రేకుతో రావని నా నమ్మకం. 2018లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేర్చుకునేవారు అక్కడి బొమ్మ ఒక్కటైనా కొని, చేతిలో పట్టుకొని, దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలితో వెతకాలి.

బొమ్మ పూర్తయ్యాక పొట్టకు రెండు వైపులా సన్నని ఇనుప మేకులు మైనం గుండా లోపలి మట్టిలోకి దిగేలా గుచ్చండి, తలలు బయట ఉండాలి. మైనం కరిగిపోయాక లోపలి ముద్దను గాలిలో నిలిపేవి అవే. తర్వాత లోహం వచ్చే దారులు, గాలి పోయే దారులు పెట్టాలి. బొమ్మను తలకిందులుగా ఊహించుకోండి. పోసే గరాటు పైన, దాని నుంచి రెండు లావైన మైనపు కడ్డీలు పొట్టకు, పీఠానికి. కొమ్ముల కొనలు, చెవులు, తోక కుచ్చు, ఇలా లోహం ఆఖరున చేరే ప్రతిచోటు నుంచీ సన్నని మైనపు కడ్డీ వెనక్కి తిరిగి పైకి వెళ్లాలి. లోపలి గాలికి దారి లేకపోతే లోహానికీ చోటు ఉండదు, మీ గిత్తకు కొమ్ము ఉండదు.

ఇప్పుడు మళ్లీ తూచండి. మొత్తంలోంచి మట్టిముద్ద, మేకుల బరువు తీసేస్తే మిగిలేది మైనం బరువు. దానికి పదిరెట్లు కంచు కావాలి. మైనం 120 గ్రాములు అయితే కంచు 1,200 గ్రాములు, గరాటు నిండటానికి మరో 300 గ్రాములు. మొత్తం కిలోన్నరలో రాగి 1,350, తగరం 150 గ్రాములు. మైనాన్ని తూచి లోహం లెక్క కట్టే ఈ పద్ధతి మనకు కొత్త కాదు, 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే తన గ్రంథంలోనే చెప్పాడు. తగరం పెంచితే గంటలా మోగుతుంది కదా అని ఆశపడకండి. నూటికి ఇరవై పాళ్లు దాటితే లోహం పెళుసెక్కి, కింద పడితే కొమ్ము విరుగుతుంది. కంచుకు బదులు పాత ఇత్తడి సామాను కరిగిస్తే అందులోని జింకు మరిగి తెల్లని పొగ లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం తప్పదు.

పైమట్టి మూడు పూతలు. మొదటి పూత ప్రాణం. పలచని గుడ్డలో వస్త్రగాలితం పట్టిన పుట్టమన్ను, బొగ్గుపొడి, పేడ పిండిన నీరు కలిపి, మీగడలా చేసి, కుంచెతో ఒక్క గాలిబుడగ కూడా లేకుండా పూయాలి. మైనం మీది వేలిముద్రను సైతం పట్టేది ఈ పొరే. నీడలో ఆరాక రెండో పూత ఇసుక కలిపింది, మూడోది ఊక కలిపిన ముతకది. ఇనుప తీగ చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తండి. తొందరపడి ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి.

ఆరిన అచ్చును గరాటు కిందికి ఉండేలా సన్నని సెగ మీద పెడితే మైనం కారిపోతుంది. పట్టి దాచుకోండి, మళ్లీ పనికొస్తుంది. తర్వాత సెగ పెంచి, అచ్చు లోపలిదాకా ఎర్రబడేంతవరకు కాల్చాలి. ఇక్కడ రాజీ వద్దు. మట్టిలో మిగిలిన చెమ్మకు కరిగిన కంచు తగిలితే ఆవిరి ఒక్కసారిగా పేలి, లోహాన్ని మీ ముఖం మీదికి చిమ్ముతుంది.

కొలిమి పని మొదటిసారి ఒంటరిగా చేయవద్దు. అనుభవం ఉన్న పోతపనివారి దగ్గరికి మీ అచ్చు తీసుకెళ్లండి, పక్కన నిలబడి నేర్చుకోండి. తోలు ఏప్రాన్, ముఖానికి అడ్డు, తోలు బూట్లు, నూలు బట్టలు కావాలి. నైలాన్ చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. నేల మీద పొడి ఇసుక పరవాలి, సిమెంటు గచ్చు మీద లోహం ఒలికితే గచ్చు పెచ్చులు లేచి ఎగురుతుంది. మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, ముందు రాగి కరగాలి, దానికి 1,085 డిగ్రీలు కావాలి. ఆ తర్వాత తగరం వేసి, కడ్డీతో కలిపి, పైన తేలే చిట్టెం తీసేయాలి. వేడి వేడి అచ్చును ఇసుక గుంటలో నిలిపి, 1,100 నుంచి 1,150 డిగ్రీల మధ్య, ధార తెగకుండా ఒకే ఊపున పోయాలి. మధ్యలో ఆగితే అక్కడ అతుకు గీత పడుతుంది. గాలి దారుల నోళ్లలో ఎర్రగా లోహం పైకి తేలిందంటే అది అంతటా నిండినట్టు.

చల్లారేదాకా ఆగండి. మట్టి పగలగొట్టి, కడ్డీలు కోసి, ఆకురాయితో సాపు చేయండి. మేకులు లాగేసి, అదే కంచు ముక్కలతో ఆ రంధ్రాలు బిగించి, సుత్తితో అదమండి. అయితే అన్నిచోట్లా నునుపు చేయవద్దు. ఎద్దు ముట్టె, మూపురం, తుంటి ఎముక దగ్గర మెరుగు పెట్టి, గంగడోలు మడతల్లో కాలిన నలుపు వదిలేయండి. చేతులు తగిలేచోట మెరవడం, తగలనిచోట నల్లబడటం లోహానికి సహజం. అడవిదున్నకైతే మొత్తం నలుపే అందం, కాళ్ల కింది భాగం మాత్రం తోమండి. దాని తెల్లని మేజోళ్లు మీకు దొరుకుతాయి.

ఆఖరున బొమ్మను కాస్త వేడి చేసి, తేనెమైనం పలచగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఇంట్లోవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి: పండగకు ఇత్తడి సామానుతోపాటు దీన్ని చింతపండుతో తోమవద్దు, మడతల్లోని నలుపంతా పోతుంది. దుమ్ము పడితే మెత్తని కుంచె చాలు.